ప్లేనోలో ఏసీ, ఫర్నెస్ మార్పించుకున్న అనుభవం

డాలస్‌కు ఉత్తరాన ఉన్న ప్లేనోలో మా ఇంటి పై అంతస్తుకు విడిగా ఒక ఏసీ, దానికి జతగా అటిక్‌లో (పైకప్పు కింద ఉండే ఖాళీలో) ఒక గ్యాస్ ఫర్నెస్ (చలికాలంలో ఇంటిని వేడిచేసే హీటర్) ఉండేవి. ఎండ వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన ఒక జులై వారంలో పై గదులు చల్లబడటం మానేశాయి. టెక్సాస్‌లో వేసవికి ఏసీ ఎంత ముఖ్యమో చలికాలానికి హీటర్ కూడా అంతే ముఖ్యమని 2021 ఫిబ్రవరి మంచు తుఫానును చూసినవారికి చెప్పనక్కరలేదు. అందువల్ల ఎండకు తాళలేక ఎవరో ఒకరికి పని అప్పగించకుండా, కింది గదుల్లో సర్దుకుని, కాంట్రాక్టరును నిదానంగా ఎంచుకున్నాము.

మొదట వచ్చిన వ్యక్తి అటిక్ ఎక్కలేదు. బయటి యూనిట్‌ను మాత్రమే పరీక్షించి, ఏసీలో చల్లబరిచే గ్యాస్ తగ్గిందని, ఆర్-410ఏ అనే ఆ పాత రకం గ్యాసును ప్రభుత్వం నిషేధించింది కనుక ఇక మరమ్మతు కుదరదని, ఆ రోజే సంతకం చేస్తే పెద్ద తగ్గింపు ఇస్తానని చెప్పాడు. ఇందులో సగమే నిజం. ఆ గ్యాసుతో నడిచే కొత్త గృహ ఏసీల తయారీ, దిగుమతి 2025 జనవరి 1 నుంచి ఆగిపోయాయి గానీ, ఇళ్లలో ఉన్న పాత యంత్రాలను బాగుచేయడానికి ఏ అడ్డంకీ లేదు. పైగా ఏసీలోని గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు; తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారే చోటు వెతకకుండా ఏటా గ్యాస్ పట్టించమనేవారు మన ఊళ్లలోనూ ఉన్నారు, ఇక్కడా ఉన్నారు.

ఫర్నెస్‌లోని హీట్ ఎక్స్‌చేంజర్ (మంట వేడిని ఇంటి గాలికి అందించే లోహపు భాగం) పగిలి ఉంటుందని, ఇంట్లోకి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుందని కూడా అతడు భయపెట్టాడు. అది నిజమైతే ప్రాణాపాయమే కనుక తేలికగా తీసుకోలేదు. కానీ ఫొటో చూపించమంటే పగులు బయటికి కనబడదన్నాడు. తరువాత మరొకరు సన్నని కెమెరాను లోపలికి పంపి, తెరమీద మాకు చూపిస్తూ వెతికినా పగులు కనబడలేదు.

టెక్సాస్‌లో ఈ పని చేసే కాంట్రాక్టర్లకు టీడీఎల్ఆర్ అనే రాష్ట్ర శాఖ లైసెన్సు ఇస్తుంది. ఆ నంబరు టీఏసీఎల్ఏ లేదా టీఏసీఎల్‌బీ అనే అక్షరాలతో మొదలవుతుంది. శాఖ వెబ్‌సైటులో కొడితే అది చెల్లుబాటులో ఉందో లేదో తెలుస్తుంది. మన తెలుగువారి వాట్సాప్ గ్రూపులో అందరూ మెచ్చుకున్న ఒకరి లైసెన్సు గడువు తీరిపోయినట్టు అక్కడే తెలిసింది. మంచివాడే కావచ్చు, కానీ రేపు ఏదైనా జరిగితే బీమా కంపెనీకి ఆ మంచితనంతో పనిలేదు.

చివరికి మేము ఎంచుకున్న కాంట్రాక్టరు ధర మాట్లాడేముందు టేపు తీశాడు. పడమటి కిటికీల కొలతలు, అటిక్‌లో ఇన్సులేషన్ మందం, గదుల వైశాల్యం రాసుకుని మాన్యువల్ జె అనే పద్ధతిలో ఇంటికి ఎంత సామర్థ్యం గల ఏసీ కావాలో లెక్క కట్టాడు. మిగతావారు పాత యంత్రాన్ని చూసి నాలుగు టన్నులని రాసిచ్చిన చోట ఇతడి లెక్కకు మూడు టన్నులే సరిపోయాయి. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూల (వేడిని కొలిచే ప్రమాణం) వేడిని బయటికి తోడే సామర్థ్యం. అవసరానికి మించిన యంత్రం గదిని చప్పున చల్లబరచి ఆగిపోతుంది. తేమను తీయడానికి దానికి వ్యవధి ఉండదు, గది చల్లగా ఉన్నా ఒళ్లు జిగటగానే ఉంటుంది. అతడు అటిక్‌లోకి నన్ను కూడా రమ్మని, టార్చి వేసి చూపించాడు: మూలగదికి వెళ్లే డక్టు (గాలి గొట్టం) కీలు దగ్గర ఊడి, చల్లగాలి ఇన్సులేషన్ మీదికి వీస్తోంది. అంటే మా కరెంటు బిల్లులో కొంత భాగం అటిక్‌ను చల్లబరచడానికే పోతోందన్నమాట.

అయితే ఏసీలోని కాయిల్ (గ్యాస్ తిరుగుతూ గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) నిజంగానే కారుతోంది, యంత్రమూ పాతది. వేసవిలో చల్లగాలిని గదుల్లోకి తోసేది ఫర్నెస్‌లోని బ్లోయరే (పెద్ద ఫ్యానే) కనుక, ఏసీ, ఫర్నెస్ రెండూ కలిపి మార్చడమా, కాయిల్ ఒక్కటే మార్చడమా అన్నది రెండు ధరలతో రాసిచ్చి, నిర్ణయం మాకు వదిలేశాడు. అందరికంటే తక్కువ ధర ఇతడిది కాకపోయినా రెండూ మార్పించాము. ఒప్పందంలో మోడల్ నంబర్లు, డక్టు మరమ్మతు, నగర పర్మిట్ ఖర్చు విడివిడిగా రాయించి, ఆఖరి వాయిదాను నగర ఇన్‌స్పెక్షన్ అయ్యాకే చెల్లించేలా పెట్టుకున్నాము. పని జరిగిన రోజున రాగి గొట్టాలు అతికేటప్పుడు లోపల మసి కట్టకుండా నైట్రోజన్ పంపడం, ఆపైన గొట్టాల్లోని గాలిని, తేమను తోడేసే వాక్యూమ్ 500 మైక్రాన్ల (ఇక్కడ ఒత్తిడి కొలత) కిందికి దిగి నిలిచేదాకా గేజీ ముందు ఆగడం కళ్లారా చూశాను.

వారంటీ రిజిస్ట్రేషన్ మాత్రం నేనే చేసుకున్నాను. చాలా కంపెనీలు విడిభాగాలకు పదేళ్ల వారంటీ అని చెప్పినా, బిగించిన 60 లేదా 90 రోజుల్లో నమోదు చేయకపోతే అది ఐదేళ్లకు తగ్గిపోతుంది.