లండన్ లీజులో లేని షరతు

ఐరోపా మార్కెట్‌కు వెళ్లే ఔషధాల దరఖాస్తులను హైదరాబాద్‌లో కూర్చుని తయారుచేయడం నా ఉద్యోగం. అందుకే యూరోపియన్ యూనియన్ ఔషధ నియంత్రణ సంస్థ అయిన యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ లండన్‌ను విడిచి వెళ్లిన వ్యవహారాన్ని మొదటినుంచీ శ్రద్ధగా గమనించాను. ఆ సంస్థ ఆదాయంలో దాదాపు 90 శాతం కంపెనీలు కట్టే రుసుముల నుంచే వస్తుంది కాబట్టి, దాని అద్దె లెక్కలు మావంటివారికి పరాయి విషయం కావు.

బ్రెగ్జిట్, అంటే యూనియన్ నుంచి బ్రిటన్ వైదొలగడం, ఖాయమయ్యాక ఆ సంస్థకు ఆతిథ్యం ఇస్తామని 19 నగరాలు పోటీపడ్డాయి. 2017 నవంబర్ 20న సభ్య దేశాల మధ్య జరిగిన ఓటింగ్‌లో మొదటి రెండు విడతల్లోనూ మిలాన్‌దే ఆధిక్యం. చివరి విడతలో మిలాన్‌కు, ఆమ్‌స్టర్‌డామ్‌కు చెరి 13 ఓట్లు రావడంతో చీటీ తీశారు, ఆమ్‌స్టర్‌డామ్ పేరు వచ్చింది. సుమారు 900 మంది పనిచేసే సంస్థ భవిష్యత్తును చీటీ నిర్ణయించడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మిలాన్ చూపింది అప్పటికే నిలిచి ఉన్న పిరెల్లీ భవనాన్ని. ఆమ్‌స్టర్‌డామ్ చూపిన భవనం ఇంకా కట్టవలసి ఉంది. అందువల్ల 2019 మార్చిలో ఉద్యోగులు ముందుగా స్లోటర్‌డైక్‌లోని తాత్కాలిక కార్యాలయానికి చేరి, 2020 జనవరిలో జుయిడాస్‌లోని కొత్త భవనానికి మళ్లీ మారవలసి వచ్చింది. ఇటలీ, మిలాన్ కోర్టుకెక్కినా 2022 జులైలో యూరోపియన్ న్యాయస్థానం ఆ పిటిషన్లను కొట్టివేసింది.

అయితే ఈ కథలో అసలు భారం గెలిచిన నగరంలో లేదు, విడిచిన నగరంలో ఉంది. లండన్‌లోని కానరీ వార్ఫ్ ప్రాంతంలో ఉన్న భవనానికి సంస్థ 2011లో ఒప్పందం కుదుర్చుకుని, 2014 నుంచి 2039 దాకా 25 ఏళ్ల లీజు తీసుకుంది. గడువుకు ముందే ఖాళీ చేసి వెళ్లే వీలు కల్పించే షరతు ఆ పత్రంలో లేదు. మిగిలిన కాలానికి చెల్లించవలసిన మొత్తం సుమారు 50 కోట్ల పౌండ్లు. బ్రిటన్ యూనియన్‌ను వీడితే లీజు ప్రయోజనమే దెబ్బతింటుంది కనుక ఒప్పందం రద్దయినట్టేనని సంస్థ వాదించింది. 2019 ఫిబ్రవరిలో లండన్ హైకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. తీర్పు కఠినంగా తోచినా, సంతకం పెట్టినవారు ఆ మాటకు కట్టుబడవలసిందేనన్న తర్కాన్ని నేను కాదనలేను.

భవనాన్ని షరతులకు లోబడి ఉపఅద్దెకు ఇచ్చుకునే వీలు లీజులోనే ఉండడంతో, 2019 జులైలోనే దాన్ని ఆఫీసు స్థలాలను అద్దెకిచ్చే వీవర్క్ అనే కంపెనీకి 2039 దాకా ఇచ్చారు. కానీ ఉపఅద్దెదారు వచ్చినంతమాత్రాన అసలు అద్దెదారు బాధ్యత తీరదు. 2023 నవంబర్‌లో వీవర్క్ అమెరికాలో దివాలా రక్షణ కోరినప్పుడు, తన ఉద్యోగులెవరూ లేని పాత కార్యాలయం గురించి ఆమ్‌స్టర్‌డామ్‌లోని సంస్థ మళ్లీ ఆలోచించవలసి వచ్చింది.

కొత్త భవనాన్ని డచ్ ప్రభుత్వ ఆస్తుల విభాగమే కట్టించి సంస్థకు అద్దెకిచ్చింది. ఆతిథ్యం ఇవ్వాలనుకునే దేశమే యజమానిగా నిలబడే ఈ పద్ధతి నాకు సబబుగా కనిపిస్తుంది. ప్రైవేటు యజమానితో పాతికేళ్ల లీజు రాసుకునేటప్పుడు, దేశమే కూటమిని వీడే రోజు వస్తుందని 2011లో ఎవరూ ఊహించి ఉండరు. అలాంటి రోజు కోసమే ఒక నిష్క్రమణ షరతు అడిగి ఉండవలసింది.