వంటగది వెనక తోటకూర

మధ్యాహ్న భోజనం తర్వాతి పీరియడ్ మా ఎనిమిదో తరగతికి లెక్కలది. రేకుల గది, పైన ఎండ, కడుపు నిండిన పిల్లలు. అందుకే సగం పీరియడ్ కాగానే పుస్తకాలు మూయిస్తాను. చేతులు పైకెత్తడం, మునివేళ్ల మీద నిలబడటం, తర్వాత పదమూడో ఎక్కం, అంకెకో గంతు. మూడు నాలుగు నిమిషాలు చాలు. పక్క గదికి చప్పుడు వినిపిస్తే వినిపించనివ్వండి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సిలబస్ పేరుతో ఆటల పీరియడ్ లాక్కోవడం మనం మానాలి. పదో తరగతికైతే మరీను, పరీక్షల టెన్షన్ ఎక్కువ వాళ్లకే కదా.

బడుల్లో పోషకాహార తోటలు పెంచాలని కేంద్రం 2019లో మార్గదర్శకాలిచ్చింది. మాకున్నది వంటగది వెనక చిన్న జాగా. చేతులు కడిగే కుళాయిల నీళ్లు కాలువ తీసి అటు మళ్లించాం. గోంగూర, తోటకూర, బెండ, గట్టు మీద మునగ. తోటకూర నెల తిరిగేసరికి కోతకొస్తుంది, పిల్లలకు ఓపిక నిలుస్తుంది. పురుగు కనిపిస్తే వేపగింజల కషాయం. క్లాసులో నోరు విప్పని ఒకమ్మాయి పాదులు ఎలా తీయాలో అందరికీ తనే చెబుతోంది. పప్పులో ఆకు ఏరి పక్కన పెట్టే పిల్లలు, తాము కోసిన కూరైతే మళ్లీ వడ్డించమంటున్నారు.

వేసవి సెలవుల్లో నీళ్లెవరు పోస్తారన్నదే నా బెంగ. బడి పక్కింటి అవ్వను అడిగాను. కూర కోసుకోనిస్తే చాలు, పోస్తానంది.