నేలమీద వంగకుండా బొంతకు టాకాలు

ముక్కల బొంత కుట్టడంలో ఎక్కువమంది వాయిదా వేసే పని, పైభాగం, దూది పొర, అస్తరు మూడింటినీ పరిచి కదలకుండా టాకాలు, అంటే తర్వాత తీసేసే పొడవాటి కుట్లు, వేయడం. నేలమీద మోకాళ్లపై పాకుతూ చేస్తే నడుము పట్టేస్తుంది. ఎంత సరిచేసినా ఎక్కడో ఒక ముడత మిగిలే ఉంటుంది. రెండు చెక్క బద్దలు, ఒక మామూలు బల్ల ఉంటే ఈ పనిని కుర్చీలో కూర్చునే హాయిగా ముగించవచ్చు.

బద్దలు 3, 4 అంగుళాల వెడల్పుతో, బొంత వెడల్పు కంటే పొడవుగా, నునుపుగా ఉండాలి. అవి బల్లపరుపుగా ఉండడమే ముఖ్యం. గుండ్రటి కర్రయితే దానంతటదే దొర్లి గుడ్డను వదులు చేస్తుంది, బద్ద మాత్రం పెట్టినచోటే నిలుస్తుంది. అస్తరునూ దూది పొరనూ పైభాగం కంటే అన్ని వైపులా 4 అంగుళాలు ఎక్కువగా కత్తిరించుకుని, పైభాగాన్నీ అస్తరునూ ఇస్త్రీ చేసి, ఒక్కోదాన్ని ఒక్కో బద్దకు చుట్టాలి. మడతల్లో నలిగిన దూది పొరను ముందురోజు రాత్రే విప్పి పరిచి ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది.

తర్వాత అస్తరును మంచివైపు కిందికి ఉండేలా బల్లమీద కొంత విప్పి, దానిపై దూది పొర వేసి, పైభాగాన్ని మంచివైపు పైకి ఉండేలా విప్పుకోవాలి. ఇక్కడ తొందర పనికిరాదు. అస్తరు చదునుగా ఉండాలే గానీ సాగకూడదు; లాగిపెట్టి కుడితే, వదిలిన తర్వాత అది దగ్గరికి ముడుచుకుని వెనకవైపు ముడతలు తెస్తుంది. ఐమూలగా కత్తిరించిన ముక్కలున్న పైభాగం మరీ సులువుగా సాగుతుంది కనుక దాన్ని లాగకుండా అరచేత్తో నిమిరి సర్దాలి.

టాకాలకు లేతరంగు నూలుదారం, పొడవాటి సూది మంచివి. సూది మొన బల్లకు తగిలి పైకి లేచే చోట చెంచా అంచును ఆనిస్తే, మొన దానిమీదుగా జారి పైకి వస్తుంది, వేలికి నొప్పి ఉండదు. కుట్టు సుమారు అంగుళంన్నర, వరుసకూ వరుసకూ మధ్య బెత్తెడు దూరం సరిపోతాయి. బల్లమీదున్న భాగం పూర్తయ్యాక దాన్ని ఒడిలోకి జార్చుకుని, బద్దల నుంచి మరికొంత గుడ్డ విప్పుకుంటూ పోవడమే.

టాకాలకు బదులు పిన్నీసులైతే త్వరగా పెట్టేయవచ్చు, నిజమే. కానీ చేత్తో కుట్టేటప్పుడు బొంతను బిగించే చట్రానికి అడ్డం వస్తాయి. అంటించే స్ప్రేలు చాలావరకు మండే స్వభావం గలవి, గాలి ఆడేచోటే వాడాలి. నాకు దారమే నమ్మకం.

ఒక్కో భాగాన్ని జార్చే ముందు కింద చేయి పెట్టి అస్తరును తడమాలి. ముడత తగిలితే ఆ వరుస ఒక్కటే కోసి మళ్లీ కుడితే చాలు. బొంత కుట్టడం పూర్తయ్యాక టాకాల దారాన్ని అక్కడక్కడా కత్తిరించి చిన్న చిన్న ముక్కలుగా లాగితే, దూది బయటికి రాకుండా సులువుగా ఊడివస్తుంది.