యకుషిజి కంచు కన్నోన్ దగ్గర

ఒసాకా నంబాలో కింటెట్సు రైలెక్కి, యమాతో సైదైజిలో మారితే అక్కణ్ణుంచి రెండో స్టేషనే నిషినోక్యో. దిగి నాలుగడుగులు వేస్తే యకుషిజి గుడి. నారా వచ్చే మనవాళ్లు చాలామంది తోదైజిలో పెద్ద బుద్ధుణ్ణి చూసి, జింకలతో ఫొటోలు దిగి వెళ్లిపోతారు. అమ్మ జపాన్ వచ్చినప్పుడు నేను ముందు ఇక్కడికే తీసుకొచ్చాను. తూర్పు వైపున్న ఒక మందిరంలో కంచు అవలోకితేశ్వరుడు, అంటే బౌద్ధుల కరుణామూర్తి అయిన బోధిసత్వుడు, నిలబడి ఉన్నాడు. ఇక్కడివాళ్లకు ఆయన షో కన్నోన్. ఆయన కోసమే ఈ ప్రయాణం.

గుడి కథ రైల్లోనే చెప్పాను. రాణికి జబ్బు చేస్తే నయమవ్వాలని మొక్కుకుని, 680లో తెన్ము చక్రవర్తి వైద్య బుద్ధుడికి గుడి తలపెట్టాడు. రాణి కోలుకుంది. గుడి పూర్తవకముందే ఆయన పోయాడు. ఆమె జితో పేరుతో గద్దెనెక్కి మిగతా పని చేయించింది. రాజధాని నారాకు మారాక, 718లో గుడి కూడా ఇక్కడికి వచ్చింది.

"పెళ్లానికి ఒంట్లో బాలేదని గుడి కట్టాడటే! మీ నాన్నకి జ్వరం బిళ్ల తెమ్మని పొద్దున చెబితే సాయంత్రానికి కూడా గుర్తుండదు" అంది అమ్మ.

ప్రధాన మందిరంలో వైద్య బుద్ధుడు, అటూ ఇటూ ఇద్దరు బోధిసత్వులు. ముగ్గురూ కంచే, నల్లగా నిగనిగలాడుతుంటారు. పాత మందిరం 1528లో తగలబడిపోయింది. ఇప్పుడున్నది 1976లో కట్టింది కాబట్టి ఎర్ర రంగు కొట్టొచ్చినట్టు ఉంటుంది. వెనక్కి వెళ్లి పీఠం చూడటం మాత్రం మర్చిపోకండి, దాని మీద ద్రాక్ష తీగలున్నాయి. అందరూ ఈ ముగ్గురినే గొప్పగా చెబుతారు. నా ఓటు మాత్రం తూర్పు మందిరానికే.

దాని పేరు తోయిన్‌దో. ఇప్పుడున్న కట్టడం 1285 నాటిది. రంగుల్లేవు, అంతా పాత చెక్క. చెప్పులు విప్పి లోపలికెళ్లాలి. చలికాలంలో ఆ చెక్క నేల మేజోళ్లలోంచి కూడా జివ్వుమంటుంది. అమ్మ గుమ్మం తాకి కళ్లకద్దుకుని లోపలికి నడిచింది. నాలుగు దిక్కుల్నీ కాసే నలుగురు రాజులు కోరచూపులతో నిలబడి ఉంటారు. మధ్యలో, చెక్కతో చేసిన గూడులో కన్నోన్. ఎత్తు 188.9 సెంటీమీటర్లు, అంటే ఆరడుగుల పైన. పీఠంతో కలిపి చూస్తే ఇంకా ఎత్తుగా ఉంటాడు.

దగ్గరికెళ్లి ముందు కాళ్లు చూడమన్నాను అమ్మని. నడుం నుంచి పాదాల దాకా కట్టిన వస్త్రం ఎంత పల్చగా ఉందంటే, మడత మీద మడత పడుతున్నా లోపల కాళ్ల ఆకారం తెలుస్తూనే ఉంటుంది. పోతపోసింది కంచు అని తెలిసి కూడా బట్టేనేమో అనిపిస్తుంది. ఇది మన గుప్తుల కాలపు శిల్పుల పద్ధతి. చైనా మీదుగా ఇంత దూరం వచ్చింది. ఏడో శతాబ్దం చివరో ఎనిమిదో శతాబ్దం మొదట్లోనో ఇక్కడి పోత పనివాళ్ల చేతికి అందింది. మెడలో హారాలు, పైకి ముడేసిన జుట్టు. ఒక చేయి పైకెత్తి ఉంటుంది, ఇంకోటి కిందికి వదిలేసి ఉంటుంది. ఎటూ ఒరగకుండా నిటారుగా నిలబడ్డాడు. కరుణామూర్తి కదా అని మెత్తగా ఒంగిన భంగిమ కోసం చూస్తే దొరకదు. పిలిస్తే వచ్చేవాడు ఇలాగే సిద్ధంగా నిలబడాలేమో అని నాకనిపిస్తుంది.

"ఆడా, మగా?" అంది అమ్మ గుసగుసగా.

మన దేశంలో మగవాడే. చైనా, జపాన్‌లలో పోనుపోను అమ్మవారిలా కొలిచారు. ఈ విగ్రహం ఆ మార్పు కంటే ముందుది. అంతా విని "ఎవరైతేనేంలే" అని కింద కూర్చుంది. తిరుమలలో అయితే "జరగండి జరగండి" అని ఈపాటికి బయటికి తోసేసేవాళ్లు. ఇక్కడ మమ్మల్ని కదలమన్నవాళ్లు లేరు. లలితా సహస్రం మొత్తం నెమ్మదిగా చదువుకుని గానీ లేవలేదు. ఫొటోలు తీయనివ్వరు, అది ఒకందుకు మంచిదే.

ఉత్తరం వైపు హుయాన్‌త్సాంగ్ మందిరం ఉంది, 1991లో కట్టారు. ఆయన అస్థికల్లో కొంత భాగం అక్కడ ఉంచారు. చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో చదువుకున్న చైనా యాత్రికుడే. ఈ గుడివాళ్లది బౌద్ధంలో హొస్సో అనే శాఖ, దానికి ఆయనే మూలపురుషుడు. మాది గుంటూరు జిల్లా కాబట్టి అమ్మకి అసలు సంగతి అక్కడ చెప్పాను. ఆయన మన ధాన్యకటకం, అంటే ఇప్పటి అమరావతి ప్రాంతానికి కూడా వచ్చాడు. దాని గురించి రాస్తూ భావవివేకుడనే పండితుడి కథ చెప్పాడు. ఆ పండితుడు అవలోకితేశ్వరుడి విగ్రహం ముందు అన్నం మానేసి, మంచినీళ్లతోనే మూడేళ్లు జపం చేశాడట, స్వామి ప్రత్యక్షమయ్యాడట.

"అంటే మన అమరావతిలో ఉన్నాయన్ని చూడ్డానికి నన్ను విమానమెక్కించావన్నమాట" అని నవ్వింది.

చివరికి బౌద్ధ సూత్రాన్ని చేత్తో నకలు రాసే హాలుకెళ్లాం. 1976 నాటి మందిరానికి డబ్బు సమకూరింది కూడా ఇలాగే. తకదా కోయిన్ అనే భిక్షువు ఊరూరా తిరిగి, వెయ్యి యెన్‌లు కట్టి ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రం రాసివ్వమని జనాన్ని అడిగాడు. పది లక్షల ప్రతులు లక్ష్యంగా పెట్టుకున్నాడు. లోపలికెళ్లే ముందు ఒక లవంగం ఇస్తారు, నోట్లో పెట్టుకోవాలి. ఏనుగు ఆకారపు ధూపపాత్ర దాటి వెళ్లాలి. కిందున్న అక్షరాలు కనబడేంత పల్చటి కాగితం మీద, వాటి వెంబడే కుంచె నడపాలి. మోకాళ్ల నొప్పి వల్ల అమ్మకి కుర్చీ, బల్ల ఉన్న చోటు చూశాను. ఒక్క అక్షరం అర్థం కాకపోయినా నాకన్నా కుదురుగా రాసింది. కోరిక రాసే చోట తెలుగులో "ఆయన సుగరు తగ్గాలి" అని పెట్టింది.

ఆ కాగితం గుడికే ఇచ్చేయాలి. అమ్మ ఇంకోటి రాస్తానంది. మళ్లీ డబ్బు కట్టాలని చెబితే, "అయితే ఇదే చాల్లే" అని లేచింది.