సార్‌కి ఫోన్ కలపండి మేడం

ఒక్క మాట అడుగుతాను. గ్రైండర్ డిస్కులు కొనుక్కోవాలంటే ఇంట్లో మగాళ్ల చేత సిఫారసు ఉత్తరం రాయించుకుని వెళ్లాలా? మధ్యాహ్నం నుంచీ ఇదే సణుగుతున్నాను. కూర తాలింపు వేస్తూ సణిగాను, చిన్నదానికి అన్నం పెడుతూ సణిగాను. ఇప్పుడు ఇంట్లో వినేవాళ్లు పడుకున్నారు కాబట్టి మీ మీద పడ్డాను.

తమ్ముడికి ఒక చిన్న ఫైబర్‌గ్లాస్ పడవ ఉంది. దాని అడుగున వేయించిన ప్యాచ్ మళ్లీ లేచింది. ఈసారి అంచు కాదు, మొత్తం. సీతానగరం ఒడ్డున పడవని బోర్లించి చూస్తే జానెడు ముక్క, గోరు దూర్చగానే ఊడి చేతికొచ్చిందట. ఫొటో పంపాడు. ముక్క లోపలివైపు నున్నగా ఉంది, దానికి పడవ పాత నీలం పెయింటు పొరలా అంటుకుని ఉంది. అంటే అప్పుడు చేసినవాళ్లు పెయింటు గీకకుండా దాని మీదే గాజు పీచు మ్యాట్ పరిచి, ఆరితే గట్టిపడే రెజిన్ జిగురు పూసేశారు. రెజిన్ పెయింటుని బాగానే పట్టుకుంది, పెయింటు పడవని వదిలేసింది. ఇన్నాళ్లు నిలబడటమే గొప్ప.

వానలు పడేలోగా సరిగ్గా చెయ్యాలని వాడి పట్టుదల. డిస్కులు నేను తెస్తానన్నాను. ఆఫీసు నుంచి వస్తూ ఆటోనగర్ మీదుగానే కదా రావడం అనుకున్నా. పైగా నాన్న ఫైబర్‌గ్లాస్ పని చేసే రోజుల్లో బడి నుంచి నేరుగా ఆయన షెడ్డుకే వెళ్లి ఆ దుమ్ములో హోంవర్క్ చేసుకున్నదాన్ని. ఏ నంబరు (ఎంత గరుకో చెప్పే గ్రిట్) డిస్కు దేనికో నాకు ఎక్కాల కంటే ముందే వచ్చు.

మొదటి కొట్లో కుర్రాడు ఫోన్ చూసుకుంటున్నాడు.

"నాలుగించీల ఫైబర్ డిస్కులు, 36 గ్రిట్, ఒక రబ్బర్ ప్యాడ్" అన్నాను.

తల ఎత్తకుండానే చెయ్యి వెనక్కి పెట్టి రేకులు రేకులుగా గరుకు కాగితం అంటించిన ఒక ఫ్లాప్ డిస్కు తీసి కౌంటర్ మీద పెట్టాడు. ఇది కాదు బాబూ అన్నాను. దాన్ని తీసేసి ఇనుము అరగదీసే గట్టి రాయి చక్రం పెట్టాడు. ఇదీ కాదన్నాను.

"దేనికి మేడం? గేటుకా, గ్రానైట్‌కా?"

"పడవకి."

అప్పుడు తల ఎత్తాడు. నన్ను చూశాడు, నా హ్యాండ్‌బ్యాగు చూశాడు, పక్కనున్న ఇంకో అబ్బాయిని చూసి నవ్వాడు. "సార్‌కి ఒకసారి ఫోన్ కలపండి మేడం, నేను మాట్లాడతా" అన్నాడు.

ఏ సార్? మా సారా? ఆయనకి గోడకి మేకు కొట్టాలంటే పక్కింటి వాళ్లబ్బాయి కావాలి. పంతానికి పోయి నిజంగానే ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. ఏ నంబరు తీసుకోవాలండీ అని అడిగితే మా ఆయన ఏమన్నారో తెలుసా? "పెద్ద నంబరు తీసుకో, మంచిదై ఉంటుంది." కొట్లో కుర్రాడు "అదీ" అన్నట్టు తలూపి 120 నంబరు తీయబోయాడు. పెద్ద నంబరంటే సన్న గరుకు అని ఇద్దరిలో ఒక్కరికీ తెలియదు! దాంతో గీస్తే ఆ నునుపు మీద కొత్త మ్యాట్ మళ్లీ పాత కథే చెప్తుంది.

అసలు ఆ రాయి చక్రం ఎందుకు వద్దో అతనికి చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు, వినే మొహం కాదు. ఇక్కడ చెప్తాను. పడవకి వాడే పాలిస్టర్ రెజిన్ వేడికి మెత్తబడుతుంది. గట్టి రాయి చక్రం దాన్ని కొయ్యదు, రుద్దుతుంది. రుద్దిన కొద్దీ వేడెక్కి, రెజిన్ బంకలా రాయికి పట్టేసి నల్లగా మెరుస్తుంది. కమురు వాసన వచ్చిందంటే అప్పటికే కింద పొర పాడైనట్టు. పల్చటి, అట్టలాంటి ఫైబర్ డిస్కైతే వెనక ప్యాడ్ ఉంటుంది కాబట్టి కాస్త వంగి పడవ వంపుతో పాటు పోతుంది. గరుకు పైకి తేలి ఉంటుంది, దుమ్ము ఎగిరిపోతుంది. ఆ ప్యాడ్ లేకుండా ఉత్త డిస్కు బిగిస్తే అట్టముక్క తిరిగినట్టే, చీలి మొహం మీదకి వస్తుంది. ప్యాడ్ అడిగితే ఆ కుర్రాడు "అది మిషన్‌తోనే వస్తుంది కదా మేడం" అన్నాడు. రాదు నాయనా.

సరే, పడవ గురించి. ఈ ప్యాచ్ ఎక్కడ మొదలైందో కొత్తగా చదివేవాళ్లకి తెలియదు. 2024 సెప్టెంబరు ఒకటి, ఆదివారం. బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మీద పడిన రోజు. పిన్ని వాళ్లది అక్కడే, లోపలికి, రెండో వీధి చివర. ఫోన్లు కలవడం లేదు. కలిసినప్పుడు "మెట్ల దాకా వచ్చాయే" అని ఒక ముక్క వినపడి తెగిపోయేది. తమ్ముడు పడవని అప్పటికే కృష్ణ ఒడ్డు మీదకి లాగేసి ఉన్నాడు, అదృష్టం. అదే వరదకి ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకి చేరింది. కట్లు తెంచుకుని కొట్టుకొచ్చిన పెద్ద బోట్లు గేట్లని ఎత్తడానికి సాయపడే కౌంటర్ వెయిట్లని గుద్దాయి. వీడిది ఆ నీళ్లలో ఉంటే పుల్ల కూడా దొరికేది కాదు.

మంగళవారం పొద్దున పడవని ఒక చిన్న ట్రక్కు మీద ఎక్కించి సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర దింపాడు. నన్ను రావొద్దన్నాడు, నేను వెళ్లాను. ఫ్లైఓవర్ దిగేచోట రోడ్డు అయిపోయి నీళ్లు మొదలయ్యాయి. నేను రోజూ ఆటో దిగే చోట జనం పడవ కోసం నిలబడ్డారు. పైన డ్రోన్లు అన్నం పొట్లాలు మోసుకుపోతున్నాయి. అందరూ తలలు పైకెత్తి చూస్తున్నారు, నాకేమో నీళ్ల కింద ఏముందో అని భయం. మోటారు వెయ్యడానికి లేదు, గెడతో తోసుకుంటూ పోవాలి. డివైడర్ ఎక్కడుందో అలవాటు మీద ఊహించుకోవాలి. "అక్కా, ఎడమా కుడా చెప్పు" అని వాడు అరుస్తుంటే నేను షాపుల బోర్డులు చూసి దారి చెప్పాను. బోర్డుల పైసగమే కనపడుతోంది.

పిన్ని మొదటి అంతస్తు బాల్కనీలో ఉంది. దిగమంటే దిగదు. ముందు కుట్టుమిషను దించితేనే తను దిగుతానంది. "పిన్నీ, మనుషులకే చోటు లేదు" అంటే, "మనుషులకి బట్టలెవరు కుడతారే?" అని ఎదురు ప్రశ్న. బాబాయి చేతులు జోడించాడు, ఆవిడకి కాదు, మాకు. ఆ మిషను తలకాయ ఒక్కటీ ఊడదీసి దుప్పట్లో చుట్టి దించాం. ఆ బరువుకి పడవ ఒక పక్కకి ఒరిగింది, ఒరిగినప్పుడు అడుగున ఏదో కర్రుమని గీసింది. నీళ్లలో మునిగిన బైకు అయి ఉంటుంది, హ్యాండిలో ఫుట్‌రెస్టో. ఆ చప్పుడు నాకు పళ్లలో తెలిసింది. తమ్ముడు నా వంక చూశాడు గానీ ఏమీ అనలేదు. ఆ తర్వాత కూడా వాడు ఆగలేదు, చీకటి పడేదాకా ఆ గీతతోనే వీధుల్లో తిరిగాడు. డివైడర్లకి, గేట్లకి ఇంకా ఎన్ని తగిలాయో. నీళ్లు తీశాక చూస్తే పైన ఉండే నున్నటి జెల్‌కోట్ పొర లేచిపోయి లోపలి మ్యాట్ పీచులు బయటికొచ్చి ఉన్నాయి, మధ్యలో చిన్న కన్నం. ఆ హడావిడిలో ఎవరో దొరికితే చేయించాడు, అదే ఈ నీలం పెయింటు మీది ప్యాచ్. ఆ మిషను మీద పిన్ని ఇప్పటికీ జాకెట్లు కుడుతోంది. పడవే కుంటుతోంది.

ఎక్కడికో పోయాను. రెండో కొట్టు గురించి చెప్పాలి.

రెండో కొట్లో పెద్దాయన. డెబ్బై ఉంటాయి. అడగ్గానే ఏమీ ఆశ్చర్యపోలేదు. "జెల్‌కోట్ వరకేనా, మ్యాట్ దాకా దించుతారా అమ్మా?" అని అడిగాడు. ప్రాణం లేచొచ్చింది! మ్యాట్ దాకా, చుట్టూ వాలుగా చెక్కాలన్నాను. "అయితే 36 సరిపోద్ది. 24 తీసుకోకండి, చిన్న పడవ కదా, గుంటలు పడతాయి. చివర్లో అంచులకి 60, 80. అంతకన్నా సన్నం వద్దు" అన్నాడు. నాన్న గొంతులో విన్న మాటలే.

అయినా ఖరీదైనది తీసుకుంటే మంచిదేమో అని సిరామిక్ డిస్కులు అడిగాను. మామూలు వాటికి మూడింతల ధర. ఆయన వద్దన్నాడు. "ఇనుమైతే గట్టిగా అదుముతారు, అప్పుడు దాని గరుకు గింజ పగిలి కొత్త మొన లేస్తుంది. ఫైబర్‌ని అంత అదమరు గదమ్మా. అదమకపోతే మొన లేవదు, ఊరికే మొద్దుబారుతుంది. ఈ గోధుమరంగువి తీసుకుని, కోత తగ్గగానే మార్చేసుకోండి." నిజమే. గాజు పీచు ఏ డిస్కునైనా తొందరగానే తినేస్తుంది. అరిగిన డిస్కుని అదిమిపెట్టి నడిపిస్తేనే వేడి. చవక డిస్కుని పొదుపు చెయ్యకుండా పారేయడమే మంచిది. కొట్టువాడు చవకది తీసుకోమనడం నా అనుభవంలో లేదు, అందుకే ఒక నిమిషం ఆయన్ని అనుమానించాను కూడా. సిరామిక్ స్టాకు లేదేమో అని. వెనక అరలో కనపడుతూనే ఉంది.

ఇంత మెచ్చుకున్నానా, ఇంటికొచ్చి ప్యాకెట్టు విప్పితే పై రెండూ గిన్నెల్లా వంగి ఉన్నాయి. ఆ డిస్కుల వెనక అట్ట గాల్లో తేమ లాగేసుకుని ముడుచుకుంటుంది. మన బెజవాడ ఉక్కకి చెప్పక్కర్లేదు. వంగినది బిగిస్తే మిషను ఎగిరెగిరి పడుతుంది. ఆ రెండూ పక్కన పెట్టి మిగతావాటి మీద చిన్నదాని సోషల్ పుస్తకాలు పెట్టాను. పెద్దాయన మీద కోపం రావాలి, రాలేదు. మొదటి కుర్రాడి మీదే వచ్చింది, అతని దగ్గర నేను ఏమీ కొనకపోయినా. కోపానికి న్యాయం ఉండదు.

ఇంకో సంగతి. మధ్యాహ్నం నుంచీ ఫ్లాప్ డిస్కుని తెగ తిట్టుకుంటున్నానా, రాత్రి తమ్ముడు ఫోన్ చేసి, వాడి దగ్గర పాత 80 నంబరు ఫ్లాప్ డిస్కు ఒకటుంటే దాంతో లోపలివైపు పైన అంచు ఒకటి సరిచేశానని చెప్పాడు. ఫొటో చూశాను. నీట్‌గా వచ్చింది. ఒకేచోట నిలపకుండా, తేలిగ్గా తిప్పుతూ పోయాడట. అంచుల ఎగుడుదిగుడు తీయడానికి ఫ్లాప్ డిస్కు హాయిగా ఉంటుంది, గుంట పెట్టదు. ఎక్కువ లోతు దించాలంటేనే దాని రేకుల మధ్య దుమ్ము ఇరుక్కుని వేడెక్కుతుంది. అంటే ఆ కుర్రాడు మొదట ఇచ్చింది పూర్తిగా పనికిరానిదేం కాదు. ఒప్పుకుంటున్నాను. కానీ "సార్‌కి ఫోన్ కలపండి" అన్నదానికి మాత్రం క్షమించను.

తమ్ముడితో అసలు గొడవ వాలు దగ్గర వచ్చింది. పడవ అడుగుభాగం మందం అక్కడ ఆరు మిల్లీమీటర్లు ఉంటుంది. మందానికి పన్నెండింతలు వాలు తీయాలని నాన్న లెక్క, అంటే కన్నం చుట్టూ దాదాపు మూడేసి అంగుళాలు.

"రూపాయి బిళ్లంత కన్నానికి ఇంత చెక్కాలా అక్కా? ఉన్న పడవ కూడా పోద్ది."

"ఒరేయ్, చెక్కకుండా వేసింది ఊడి నీ చేతికొచ్చింది కదరా."

"అది పెయింటు వల్ల."

"పెయింటు ఎందుకుంది? చెక్కలేదు కాబట్టి."

అటునుంచి కాసేపు మాట లేదు. సరే అన్నాడు. గ్రైండింగ్‌కి ముందే ఎసిటోన్ పెట్టి తుడవమన్నాను, లేకపోతే పైన ఉన్న నూనె, జిడ్డు అంతా గీతల్లోకి దిగుతుంది. డిస్కు మీద రాసిన వేగం చూసుకోమన్నాను. నాలుగించీల దాని మీద నిమిషానికి 15,200 చుట్లు అని ఉంది, వాడి మిషను 11,000 తిరుగుతుంది, ఇబ్బంది లేదు. వాళ్ల స్నేహితుడి దగ్గర ఏడించీల డిస్కులు ఊరికే వస్తాయని అడిగాడు. వాటి మీద ఉండేది 8,500, వాడి మిషను వేగానికి ఆగవు. గార్డు తీసేసి మరీ బిగించేస్తారు కొందరు, అలాంటి పని చేస్తే అమ్మతో చెప్తానన్నాను. ముప్పై ఎనిమిదేళ్ల మనిషికి ఇంకా అమ్మ పేరే పనిచేస్తుంది.

రోహిణి ఎండ కాబట్టి రెజిన్ పని పొద్దున్నే మొదలుపెట్టి, దాన్ని గట్టిపరిచే హార్డనర్ తక్కువ కలపమన్నాను. పదిన్నర దాటితే డబ్బాలోనే గడ్డకడుతుంది. ఆ దుమ్ము ఒంటికి పడితే దురద రాత్రంతా పోదు. ముందే పౌడరు రాసుకుని, నిండు చేతుల చొక్కా వేసుకుని, అయ్యాక చన్నీళ్లతోనే పోసుకోమన్నాను. వేణ్నీళ్లైతే ఆ గాజు నలుసులు ఇంకా లోపలికి దిగుతాయని నాన్న అనేవాడు, నేనూ అదే నమ్ముతాను. అన్నిటికీ "ఊఁ ఊఁ" అన్నాడు. డిస్కులు, ప్యాడ్ వచ్చి పట్టుకెళ్లాడు. మాస్కుల కవరు మాత్రం ఇక్కడే టీవీ బల్ల మీద ఉంది, ఇప్పుడే చూశాను. ఐదున్నరకి మొదలుపెడతానన్నాడు. మా ఆయన్ని ఐదింటికి లేపి బండి మీద పంపాలి.