వింబుల్డన్ గెలిచిన ఐస్ హాకీ ఆటగాడు

మారేడ్‌పల్లిలో నాది టెన్నిస్ రాకెట్లకు గట్టింగ్ (తీగలు) వేసే చిన్న కొట్టు. గచ్చిబౌలి వైపు మాల్‌లో ఐస్ రింక్ వచ్చాక, పిల్లల్ని తీసుకొచ్చే నాన్నలకి కొత్త టెన్షన్ పట్టుకుంది. "అన్నా, వీడు స్కేటింగ్ కూడా అంటున్నాడు, మాన్పించేయాలా?" నేను మెషీన్ మీద తీగ 50 పౌండ్లకి లాగి క్లాంప్ బిగిస్తూ యారొస్లావ్ డ్రోబ్నీ కథ ఎత్తుకుంటాను.

1921లో ప్రాగ్‌లో పుట్టాడు. నాన్న టెన్నిస్ క్లబ్బులో గ్రౌండ్స్‌మన్, ఇతను బాల్‌బాయ్. మా నాన్న క్లబ్బులో మెంబర్లతో ఆడే మార్కర్ కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను. మెంబర్లు వెళ్లిపోయాక, చీకటి పడేలోపు కోర్టు మనదయ్యే ఆ పావుగంట ఎలా ఉంటుందో నాకు తెలుసు. డ్రోబ్నీ ఐస్ హాకీ ఆడింది కూడా టెన్నిస్ క్లబ్బు జట్టుకే. వేసవిలో రాకెట్, చలికాలంలో స్టిక్.

1947లో ప్రపంచ హాకీ పోటీలు ప్రాగ్‌లోనే జరిగాయి. చెకోస్లొవేకియా తొలిసారి గెలిచింది. కెనడా రాలేదు కాబట్టే గెలిచారని తీసిపారేసేవాళ్లున్నారు. సరే, మరుసటేడు సెయింట్ మోరిట్జ్ శీతాకాల ఒలింపిక్స్‌కి కెనడా వచ్చిందిగా! ఆ మ్యాచ్ 0-0. రెండు జట్లూ ఒక్కటీ ఓడలేదు. గోల్స్ లెక్కలు చూసి స్వర్ణం కెనడాకి, రజతం వీళ్లకి ఇచ్చారు. డ్రోబ్నీ ఒక్కడివే 9 గోల్స్. హాకీలో కంటికి తగిలిన దెబ్బ మాత్రం పోలేదు. టెన్నిస్‌లో రంగు కళ్లద్దాలతో ఆడాల్సి వచ్చింది.

"చివరికి హాకీ వదిలేశాడుగా?" అని ఒకాయన పాయింటు లాగాడు. అమెరికా ప్రొఫెషనల్ హాకీ జట్టు బోస్టన్ బ్రూయిన్స్ పిలిచినా పోలేదన్నది నిజమే. కానీ 1949లో స్విట్జర్లాండ్‌లో టెన్నిస్ టోర్నీకి వెళ్లి, కమ్యూనిస్టు పాలనలోని ఇంటికి మళ్లీ పోలేదు. జాతీయ జట్టు అక్కడితో సరి. సంచీలో రెండు రాకెట్లు వేసుకుని ఏ దేశమైనా తిరగొచ్చు, హాకీ జట్టుని ఎలా మోసుకెళ్తాడు? ఈజిప్టు పౌరసత్వం ఇచ్చింది. రెండుసార్లు ఫ్రెంచ్ టైటిల్ గెలిచాడు. వింబుల్డన్ ఫైనల్లో రెండుసార్లు ఓడాడు.

1954 వింబుల్డన్‌లో 11వ సీడ్, అంటే ముందస్తు ర్యాంకుల్లో పదకొండోవాడు. వయసు 32. ఫైనల్లో ఎదురుగా 19 ఏళ్ల ఆస్ట్రేలియా కుర్రాడు కెన్ రోజ్‌వాల్. 13-11, 4-6, 6-2, 9-7తో గెలిచాడు. 6-6 దగ్గర సెట్‌ని తేల్చే టైబ్రేకర్లు లేని రోజులు!

టెన్నిస్‌వాళ్లు రాసినప్పుడు హాకీ సంగతి ఒక్క వాక్యంలో తేల్చేస్తారు, నాకది నచ్చదు. అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య 1997లో గొప్పవాళ్ల గౌరవ జాబితా హాల్ ఆఫ్ ఫేమ్ మొదలుపెడితే, మొదటి విడతలోనే డ్రోబ్నీ పేరుంది.