ఇన్ఫెక్షన్ తగ్గింది, కడుపు మాత్రం మారిపోయింది

పోయిన వేసవిలో ఒక పెళ్లి భోజనం తర్వాత 3 రోజులు వాంతులు, విరేచనాలు. మందులతో తగ్గిపోయింది. కానీ ఆ తర్వాత నెలల తరబడి తిన్న వెంటనే ఉబ్బరం, మెలిపెట్టే నొప్పి, బాత్రూమ్‌కి పరుగు. పరీక్షలన్నీ నార్మల్. "టెన్షన్ తగ్గించుకో, అంతా నీ మనసులోనే ఉంది" అన్నవాళ్లే ఎక్కువ. ఆ మాట నొప్పి కంటే ఎక్కువ ఏడిపించింది.

చివరికి ఒక డాక్టరుగారు మొదటి నుంచీ ఓపికగా విని, "పెళ్లిలో వచ్చిన ఇన్ఫెక్షన్ పోయింది గానీ, నీ పేగు ఇంకా కుదుటపడలేదమ్మా" అన్నారు. దీన్ని ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అంటారట, అంటే పరీక్షల్లో ఏమీ కనిపించకపోయినా పేగు సరిగ్గా పనిచేయక నొప్పి, విరేచనాలు వేధించడం. ఇలా కడుపు పాడైన 10 మందిలో సుమారు ఒకరికి వస్తుందట.

ఇంటికొచ్చి చదివాను. 2000 మే నెలలో కెనడాలోని వాకర్టన్ అనే చిన్న ఊళ్లో తాగునీళ్లలో ఈ.కోలై, క్యాంపిలోబాక్టర్ అనే బ్యాక్టీరియాలు కలిశాయి. 2,000 మందికి పైగా జబ్బుపడ్డారు, 7గురు చనిపోయారు. బతికి బయటపడ్డవాళ్లలో కొందరిని 8 ఏళ్ల తర్వాత కూడా ఐబీఎస్ వదల్లేదు. ఒక ఊరు మొత్తానికి ఒకేసారి మనసు పాడవుతుందా?

నన్ను బాగా ఆకట్టుకున్నది ఇంకొకటి. మనం ఏమీ తినని సమయంలో సుమారు గంటన్నరకోసారి ఒక అల పేగును ఊడ్చుకుంటూ పోతుంది. ఇన్ఫెక్షన్ వల్ల పేగు నరాలు దెబ్బతింటే ఆ ఊడ్పు మందగిస్తుంది. అప్పుడు చిన్నపేగులో బ్యాక్టీరియా పేరుకుపోయి ఉబ్బరం మొదలవుతుంది.

ఆ ఊడ్పుకి సమయం దొరకాలని ఇప్పుడు మధ్యమధ్యలో చిరుతిళ్లు మానేశాను. నిన్న చాలా రోజులకి అమ్మ పెట్టిన పప్పన్నం భయం లేకుండా తిన్నాను.